లిథియం బ్యాటరీయా, లెడ్ యాసిడ్ బ్యాటరీయా? గోదావరి డెల్టాలో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమలో ఏటిగట్టు పక్క ఊరండి. ఇరవై ఏళ్ళ పైనే అయింది ఇన్వర్టర్లు, బ్యాటరీలు, సోలార్ లైట్లు బిగించడం మొదలెట్టి. టీవీలో వాయుగుండం అన్న మాట వస్తే చాలు నా ఫోను మోగుద్ది, అందరూ అడిగేది ఒకటే, లిథియం తీసుకోమంటారా, పాత యాసిడ్ బ్యాటరీయే తీసుకోమంటారా అని. ఫోన్లో అందరికీ చెప్పేదే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. నేను ఏ కంపెనీ ఏజెంటునీ కాదండి, కాబట్టి ఉన్నది ఉన్నట్టే చెప్తాను.

అదంతా వద్దు, ఒక్క ముక్కలో చెప్పండి. ఏది మంచిది?

మీ బ్యాటరీ ఏడాదికి ఎన్నిసార్లు బాగా దిగుద్ది, దాన్ని ఎవరైనా మొయ్యాలా వద్దా, ఈ రెండు చెప్తే నేను జవాబు చెప్పేస్తానండి. రోజూ దింపి రోజూ ఎక్కించే పని అయితే, భుజాన వేసుకునే పని అయితే లిథియం. ఇంట్లో మూలన కూర్చుని నెలకి రెండు మూడు సార్లు కరెంటు పోయినప్పుడు మాత్రం పని చేసేది అయితే, నీళ్ళు పొయ్యడానికి ఓపికున్న మనిషి ఇంట్లో ఉంటే, లెడ్ యాసిడ్ తీసుకున్నా నష్టం ఏమీ లేదు. మిగతాదంతా దీని చుట్టూ తిరిగేదే.

రెండిటికీ లోపల తేడా ఏంటి?

లెడ్ యాసిడ్ 1859లో ఫ్రాన్సులో గాస్తోన్ ప్లాంటే అనే ఆయన చేసినది, సీసం ప్లేట్లు, సల్ఫ్యూరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళు, అంతే. ఒక్కో గది సుమారు 2 వోల్టులు, ఆరు గదులు కలిపితే మన 12 వోల్టుల బ్యాటరీ. 160 ఏళ్ళు దాటినా ఆటోలో, ట్రాక్టర్లో, ఇంట్లో ఇంకా అదే ఉందంటే అది చెత్తది అవ్వదు కదండి.

లిథియం అయాన్ 1991లో సోనీ కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది, దాని వెనకున్న ముగ్గురు శాస్త్రవేత్తలకి 2019లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. ఇక్కడ అందరూ పొరపడేది ఏంటంటే లిథియం అంటే ఒకటే రకం అనుకుంటారు. ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో, చాలా స్కూటర్లలో ఉండేది సెల్లుకి 3.6, 3.7 వోల్టుల రకం, తక్కువ బరువులో ఎక్కువ శక్తి పడుద్ది గానీ వేడికి కొంచెం సున్నితం. ఇన్వర్టర్లకీ సోలార్‌కీ వచ్చేది ఎక్కువగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్, షాపుల్లో ఎల్ఎఫ్‌పి అంటారు, సెల్లుకి 3.2 వోల్టులు, నాలుగు కలిపితే 12.8. ఇది అమెరికాలో టెక్సాస్ యూనివర్సిటీలో గుడ్‌ఇనఫ్ గారి ల్యాబులో 1990లలో బయటపడింది, 1997లో దాని మీద వచ్చిన పేపర్లో మొదటి పేరు మన ఇండియన్ అక్షయ పాఢిది. నేను ఇంటికి లిథియం అని చెప్పినప్పుడల్లా ఈ ఎల్ఎఫ్‌పినే అనుకోండి.

150 ఏహెచ్ ట్యూబులర్‌కి 100 ఏహెచ్ లిథియం సమానం అంటున్నారు. షాపు వాళ్ళ మాయా, నిజమేనా?

నిజమేనండి, లెక్క చూడండి. ట్యూబులర్ అంటే ఇన్వర్టర్లకి వాడే లెడ్ యాసిడ్ రకం, ఏహెచ్ అంటే యాంపులు ఇంటూ గంటలు. 12 వోల్టులు ఇంటూ 150 అంటే 1800 వాట్ అవర్, అంటే 1.8 యూనిట్లు. కానీ ఆ 150 అన్నది 20 గంటలు నెమ్మదిగా, 7.5 యాంపులు చొప్పున తీస్తే వచ్చే లెక్క (కొన్ని బ్యాటరీల మీద 10 గంటల లెక్కతో కూడా రాస్తారు, సి20 అని ఉందో సి10 అని ఉందో చూసుకోండి, సి10 అని ఉంటే అది గట్టి బ్యాటరీ). ఎక్కువ లోడు పెట్టి గబగబా లాగితే అంత ఇవ్వదు. పైగా దాన్ని రోజూ సగం కంటే కిందకి దింపితే ప్లేట్లు తొందరగా పోతాయి. అంటే నిదానంగా, బ్యాటరీ బాగుండాలని వాడితే మీకు దక్కేది సుమారు 900 వాట్ అవర్.

లిథియం 12.8 ఇంటూ 100, 1280. ఇందులో 80, 90 శాతం భయం లేకుండా వాడుకోవచ్చు, అంటే వెయ్యి పైనే. లోడు ఎక్కువైనా పెద్దగా తగ్గదు.

ఇప్పుడు ఇంట్లో ఏం నడుస్తదో చూద్దాం. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటది, బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. రెండు పాత ఫ్యాన్లు, మూడు 9 వాట్ల బల్బులు, వైఫై డబ్బా కలిపితే 190 వాట్లు దాకా అవుద్ది, ఇన్వర్టర్ తినేది తీసేస్తే 900 వాట్ అవర్ మీద నాలుగు గంటలు. అదే రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు అయితే మొత్తం వంద వాట్లు, ఏడున్నర గంటలు. అందుకే నేను బ్యాకప్ చాలట్లేదని వచ్చినవాళ్ళకి ముందు ఫ్యాన్లు మార్చమని చెప్తాను, పెద్ద బ్యాటరీ కొనేదానికంటే అది చవక, కరెంటు బిల్లు కూడా తగ్గుద్ది.

ఛార్జింగ్ ఎంతసేపు పడుద్ది?

అసలు తేడా అంతా ఇక్కడే ఉందండి, జనం మాత్రం ధర అడుగుతారు గానీ ఇది అడగరు.

లెడ్ యాసిడ్‌కి దాని ఏహెచ్‌లో పదో వంతు కరెంటు ఇవ్వాలి, 150కి 15 యాంపులు. మొదటి 80 శాతం ఒక మాదిరిగా ఎక్కుద్ది, ఆ పైన 20 శాతం మాత్రం బాగా నిండిన బిందెలో నీళ్ళు పోసినట్టు, ఒలక్కుండా కొంచెం కొంచెం పొయ్యాలి, తొందరపడితే నీళ్ళు ఆవిరయి గ్యాసు వస్తది. మొత్తం పది, పన్నెండు గంటలు. పైగా మీరు వంద పోస్తే తిరిగి వచ్చేది 75, 80, మిగతాది వేడిగా పోద్ది. లిథియం వంద పోస్తే 95 దాకా ఇస్తది, పైగా చివరి దాకా ఒకటే జోరుగా ఎక్కుద్ది. 100 ఏహెచ్‌కి 50 యాంపుల ఛార్జరు ఉంటే రెండు గంటల చిల్లర.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, మా వీధిలో కరెంటు పోయింది, మర్నాడు ఒకాయన జనరేటరు తెచ్చి ఇంటికి రెండు గంటలు చొప్పున ఇచ్చారు. మా ఇంట్లో 150 ట్యూబులర్, దాని ఛార్జరు 15 యాంపులు, రెండు గంటల్లో ఎక్కింది 30 ఏహెచ్ లోపే, అంటే అయిదో వంతు. పక్కింటాయన లిథియంకి 40 యాంపుల ఛార్జరు పెట్టించుకున్నాడు, అదే రెండు గంటల్లో 80 ఏహెచ్ ఎక్కించుకుని రాత్రంతా ఫ్యాను వేసుకున్నాడు, వాళ్ళమ్మ గారికి నెబ్యులైజర్ కూడా దాని మీదే పెట్టారు. కరెంటు ఎప్పుడొస్తదో తెలియనప్పుడు, దొరికిన కాసేపట్లో ఎంత నింపుకోగలం అన్నదే ముఖ్యం అండి. కానీ ఒక మాట, లిథియం కొని పాత 15 యాంపుల ఛార్జరే ఉంచితే ఈ లాభం రాదు, ఏడు గంటలు పడుద్ది.

మా లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండేళ్ళకే పోయింది, కంపెనీ మోసమా?

కొన్నిసార్లు అయ్యుండొచ్చు గానీ, నేను విప్పి చూసినవాటిలో ఎక్కువ మనం చంపినవేనండి.

మొదటిది సగం ఛార్జింగ్‌తో వదిలెయ్యడం. బ్యాటరీ దిగినప్పుడు ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ పొర పడుద్ది, వెంటనే ఛార్జింగ్ పెడితే అది కరిగిపోద్ది, రోజుల తరబడి అలాగే ఉంచితే గట్టిపడి ఇక కరగదు. ఇల్లు తాళం పెట్టి హైదరాబాదు మనవల దగ్గరికి వెళ్తారు, మెయిన్ ఆపేస్తారు, ఇన్వర్టర్ మాత్రం ఆన్‌లోనే ఉంటది, రెండు నెలల తర్వాత వచ్చి చూస్తే బ్యాటరీ లేవదు. వెళ్ళేముందు ఫుల్‌గా ఎక్కించి, ఇన్వర్టర్ ఆపి, ఒక వైరు ఊడదీసి వెళ్ళండి. మీటరు పెట్టి చూస్తే నిండుగా ఉన్నది 12.6, 12.7 వోల్టులు చూపిస్తది, 12.2 అంటే సగం. ఛార్జింగ్ తీసిన రెండు మూడు గంటల తర్వాత చూడాలి, వెంటనే చూస్తే ఎక్కువ చూపిస్తది.

రెండోది నీళ్ళు. ఇది మన దగ్గర బాగా ఎక్కువ. అంతర్వేది, ఓడలరేవు, కాట్రేనికోన వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని చిన్నపిల్లాడికి కూడా తెలుసు, అవే తీసుకెళ్ళి బ్యాటరీలో పోస్తారు. ఆ ఉప్పులో క్లోరైడు ప్లేట్లని తినేస్తది. ఇంకొంతమంది ఇరవై లీటర్ల మినరల్ వాటర్ టిన్ను నీళ్ళు పోస్తారు, తాగడానికి మంచివి గానీ అందులోనూ లవణాలు ఉంటాయి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పొయ్యాలి, డబ్బా కొనడానికి అయ్యే ఖర్చు బ్యాటరీ ధర ముందు ఎంతండి. నీళ్ళు తగ్గితే యాసిడ్ పొయ్యకండి, ఆవిరయ్యేది నీళ్ళే, యాసిడ్ లోపలే ఉంటది. హైడ్రోమీటరు, అంటే యాసిడ్ చిక్కదనం చూసే గొట్టం, ఉంటే నిండు ట్యూబులర్ 1.240, 1.250 చూపించాలి, ఆరు గదుల్లో ఒకటే బాగా తక్కువ ఉంటే ఆ సెల్లు పోయినట్టే.

మూడోది వేడి. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకీ లెడ్ యాసిడ్ ఆయుష్షు దాదాపు సగం తగ్గుద్దని లెక్క. మే నెలలో రేకుల షెడ్డులో పెడితే ఎలా ఉంటదో ఆలోచించండి. లిథియం కూడా వేడికి ముసలిదవుద్ది, దానికేం మినహాయింపు లేదు. నేల మీద, నీడన, గాలి ఆడే చోట పెట్టండి.

ధర లిథియందే ఎక్కువ కదా, ఎలా గిట్టుబాటు అవుద్ది?

మీ ఊరి షాపు ధరలు వేసుకుని ఈ లెక్క కట్టుకోండి. ఉదాహరణకి ట్యూబులర్ 15 వేలు, లిథియం 32 వేలు అనుకుందాం. రోజూ దింపి ఎక్కించే పని అయితే ట్యూబులర్ సగం దింపుడు మీద వెయ్యి సార్లు వస్తది అనుకోండి, సారికి 0.9 యూనిట్, మొత్తం 900 యూనిట్లు, యూనిట్‌కి 16, 17 రూపాయలు. లిథియం 3000 సార్లు, సారికి 1.1 యూనిట్, 3300 యూనిట్లు, యూనిట్‌కి పది రూపాయలు లోపే. లిథియం గెలిచేసింది.

కానీ ఏడాదికి నలభై సార్లే కరెంటు పోయే టౌను ఇల్లు అనుకోండి. అప్పుడు బ్యాటరీ వాడకం వల్ల పోదు, వయసు వల్ల పోద్ది. ట్యూబులర్ ఐదేళ్ళు, లిథియం పదేళ్ళు వచ్చాయనుకుంటే యూనిట్ ధర రెండిటికీ కొంచెం అటూ ఇటూగా ఒకటే పడుద్ది, పైగా ఆరో ఏట పెట్టాల్సిన డబ్బు ఈరోజే పెట్టినట్టు, పాత ట్యూబులర్‌కి సీసం ధర కూడా వస్తది. అప్పు చేసి లిథియం కొనకండి అని అలాంటివాళ్ళకి నేనే చెప్తాను.

పొలంలో బ్యాటరీ స్ప్రేయర్‌కి లిథియం మార్చుకోవచ్చా?

మార్చుకోండి, ఇక్కడ మాత్రం నాకు రెండో మాట లేదు. 16 లీటర్ల ట్యాంకు నిండితే మందునీళ్ళే 16 కిలోలు, దానికి అడుగున ఉండే 12 వోల్టుల 8 ఏహెచ్ సీల్డు లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండున్నర కిలోలు. అంతే శక్తి ఉన్న లిథియం ప్యాకు కిలో చుట్టుపక్కల ఉంటది. రోజుకి ఇరవై ట్యాంకులు కొట్టే కూలి మనిషి భుజాన్ని అడగండి ఆ కిలోన్నర అంటే ఏంటో.

ఇంకో కారణం, దాళ్వా అయిపోయాక పంపుని సావిడిలో చూరుకి తగిలించేస్తారు, మళ్ళీ సార్వా ఊడుపులయ్యాక తీస్తారు, అప్పటికి సీల్డు బ్యాటరీ చచ్చిపోయుంటది. ఖాళీగా ఉంచేటప్పుడు లెడ్ యాసిడ్‌ని ఫుల్ చేసి నెలకోసారి ఎక్కించాలి. లిథియం దీనికి రివర్సు, సగం ఛార్జింగ్‌లో పక్కన పెడితేనే దానికి హాయి, మూడు నాలుగు నెలలు ముట్టుకోకపోయినా లేస్తది.

జాగ్రత్త ఒక్కటే, ఇది మాత్రం దయచేసి గుర్తుపెట్టుకోండి. స్ప్రేయర్లకి వచ్చే లిథియం ప్యాకులు ఎక్కువగా మూడు సెల్లులవి, అవి 12.6 వోల్టులకి నిండిపోతాయి. పాత సీల్డు బ్యాటరీ ఛార్జరు 14 పైన ఇస్తది. పిన్ను పట్టింది కదా అని పాత ఛార్జరు పెట్టేస్తే లోపల సెల్లుల్ని కాపలా కాసే చిన్న బోర్డు, బీఎంఎస్ అంటారు, అదొక్కటే దాన్ని కాపాడాలి, అది ఫెయిలయితే మంటే. బ్యాటరీతో పాటు దాని ఛార్జరు కూడా కొనండి, పాత ఛార్జరు ఆ ఇంట్లో లేకుండా చేసెయ్యండి.

రొయ్యల చెరువు ఏరియేటర్లు (నీళ్ళలో ఆక్సిజన్ కలిపే మిషన్లు) బ్యాటరీ మీద నడుస్తాయా? డీజిల్ ఖర్చు భరించలేకపోతున్నాం.

భీమవరం, ఉండి, అమలాపురం వైపు నుంచి వారానికి ఒకరైనా అడుగుతారండి, వాళ్ళ బాధ నాకు తెలుసు, రాత్రి రెండింటికి కరెంటు పోయి ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి పంట తేలిపోద్ది. కానీ లెక్క చెప్తాను. రెండు హెచ్‌పి ఏరియేటరు అంటే 1500 వాట్లు. నాలుగు ఉంటే 6 కిలోవాట్లు. పది గంటలు తిరిగితే 60 యూనిట్లు. 150 ట్యూబులర్ ఒకటి సగం దింపితే 0.9 యూనిట్, అంటే 66 బ్యాటరీలు పైన కావాలి. 100 ఏహెచ్ లిథియం అయితే యాభై పైనే. దానికి త్రీఫేజు ఇన్వర్టరు వేరు. అయ్యే పని కాదు, జనరేటరే పెట్టుకోండి.

బ్యాటరీ పనికొచ్చేది జనరేటరు లేచేలోపు. కరెంటు పోగానే మోగే అలారం, గట్టు మీద లైట్లు, కాపలా షెడ్డులో ఫ్యాను, సీసీ కెమెరా, ఇవన్నీ ఒక చిన్న లిథియం డబ్బా మీద రాత్రంతా ఉంటాయి. ఇంకా ముఖ్యమైనది, జనరేటరు స్టార్టింగ్ బ్యాటరీ. దాన్ని ఎవరూ పట్టించుకోరు, అవసరం వచ్చిన రాత్రే అది తిరగదు. అది లెడ్ యాసిడే ఉంచండి, వారానికోసారి జనరేటరు పది నిమిషాలు నడపండి, టెర్మినళ్ళకి తెల్లగా పట్టినది వేడి నీళ్ళతో కడిగి, తుడిచి వ్యాజలైన్ రాయండి.

వేటకెళ్ళే బోటులో ఏది పెట్టాలి?

లైట్లకీ, ఫోన్లకీ, జీపీఎస్‌కీ లిథియం బావుంటది, బరువు తక్కువ, ఒరిగినా యాసిడ్ కారదు. కానీ ఒక గుణం తెలుసుకోవాలి. లెడ్ యాసిడ్ దిగిపోతుంటే లైటు కొంచెం కొంచెం ఎర్రబడుద్ది, మనకి కబురు చెప్తది. లిథియం వోల్టేజి చివరి దాకా నిలకడగా ఉండి, బీఎంఎస్ ఒక్కసారిగా కట్ చేస్తది, టక్కున చీకటి. సముద్రంలో అలా అయితే కష్టం. అందుకని వైర్‌లెస్ సెట్టు లైట్లతో కలపకుండా వేరే బ్యాటరీకి ఇవ్వండి, లిథియంకి శాతం చూపించే మీటరు పెట్టించండి. ఇంజను స్టార్టింగ్‌కి లెడ్ యాసిడ్ ఉంచండి. ఉప్పుగాలికి రెండిటి టెర్మినళ్ళూ తినేస్తాయి, ఆ విషయంలో లిథియం ఏమీ గొప్పది కాదు.

తీర్థాల్లో కొట్టు పెడతాం. ఈ పోర్టబుల్ పవర్ స్టేషన్ అనేది కొనచ్చా?

కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం, తర్వాత అంతర్వేది కల్యాణం, ఇలా ఊరూరా తిరిగేవాళ్ళకి బాగా పనికొస్తది. అది లిథియం బ్యాటరీ, ఇన్వర్టరు, ఛార్జరు ఒకే డబ్బాలో పెట్టినది, అంతే. కొనేముందు రెండు అంకెలు చూడండి, వాట్ అవర్ అంటే ఎంతసేపు, వాట్ అంటే ఎంత బరువు పని. 300 వాట్ అవర్ డబ్బా మీద నాలుగు 9 వాట్ల బల్బులు ఏడు గంటలు వెలుగుతాయి. కానీ జ్యూసు మిక్సీ 500 వాట్లు, డబ్బా 300 వాట్లదే అయితే స్విచ్చు వెయ్యగానే ఆగిపోద్ది, అప్పుడు డబ్బా చెడిపోయిందని నాకు ఫోను చేస్తారు. కారు బ్యాటరీ తెచ్చి ఇన్వర్టరు తగిలించుకునేవాళ్ళు ఉన్నారు, కారు బ్యాటరీ ఇంజను తిప్పడానికి ఒక్కసారి గట్టిగా కరెంటు ఇచ్చేది, రోజూ అడుగంటా దింపితే కొన్ని నెలల్లోనే పోద్ది.

మా పాత ఇన్వర్టర్‌కి లిథియం బ్యాటరీ తగిలించేయొచ్చా?

మోడలు చూడకుండా తగిలించకండి. సెట్టింగుల్లో లిథియం అని ఉంటే నిర్భయంగా పెట్టుకోండి. లేకపోతే ఛార్జింగ్ వోల్టేజి చూడాలి, ఎల్ఎఫ్‌పికి 14.4, 14.6 దాటకూడదు. కొన్ని పాత ఇన్వర్టర్లు ట్యూబులర్ మోడ్‌లో అప్పుడప్పుడు ప్లేట్లు శుభ్రం చెయ్యడానికి 15 పైకి పంపిస్తాయి, అప్పుడు లిథియం బీఎంఎస్ లైను తెంపేస్తది. ఇన్వర్టర్ ముందు డిస్‌ప్లేలో కనిపించే బ్యాటరీ గీతలు కూడా తప్పు చూపిస్తాయి, ఎందుకంటే అవి లెడ్ యాసిడ్ వోల్టేజికి రాసుకున్నవి.

ఉన్న లెడ్ యాసిడ్ పక్కనే ఒక లిథియం కలిపి పెట్టొచ్చా?

వద్దు. రెండిటి వోల్టేజి నడక వేరు, ఒకటి రెండోదాన్ని లాగేస్తది.

ఇంట్లో లిథియం పేలుతుందేమోనని భయంగా ఉంది.

2022లో స్కూటర్లు తగలబడిన వార్తలు చూసి చాలామంది భయపడ్డారు, ఆ తర్వాతే ప్రభుత్వం ఏఐఎస్ 156 అనే ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీ భద్రత నిబంధనల్ని గట్టిచేసి 2022 డిసెంబరు నుంచి విడతలుగా అమలు పెట్టింది. ఎల్ఎఫ్‌పిలో ఆక్సిజన్ ఫాస్ఫేట్‌తో గట్టిగా కట్టుబడి ఉంటది కాబట్టి ఆ మిగతా రకాల్లా తేలిగ్గా మండిపోదు. అసలు మండదని మాత్రం చెప్పను. ఉబ్బిన ప్యాకు, కింద పడి సొట్ట పోయిన ప్యాకు, ఛార్జింగ్‌లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కే ప్యాకు వాడకండి. మంచం పక్కన, మెట్ల కింద గుమ్మానికి అడ్డంగా పెట్టకండి.

లెడ్ యాసిడ్‌లో ప్రమాదం లేదనుకుంటారు, అదీ తప్పే. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తది, గాలిలో 4 శాతం చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. తలుపులు మూసిన దేవుడి గది పక్కన అరలో పెట్టి దీపం వెలిగించే ఇళ్ళు నేను చూశాను, వెంటనే తీయించాను. యాసిడ్ కంట్లో పడితే ఇరవై నిమిషాలు ఆగకుండా నీళ్ళతో కడిగి అప్పుడు డాక్టరు దగ్గరికి పరిగెత్తండి.

వరదలో బ్యాటరీ మునిగిపోయింది. ఆరబెట్టి వాడుకోవచ్చా?

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల్లో ఎన్ని బ్యాటరీలు మునిగాయో లెక్కలేదు. లిథియం ప్యాకు మునిగితే, పైకి బాగానే కనిపించినా, మళ్ళీ ఛార్జింగ్ పెట్టకండి. లోపల నీళ్ళు చేరి రోజుల తర్వాత కూడా షార్ట్ అయ్యి అంటుకునే ప్రమాదం ఉంది, ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టి సర్వీసు వాళ్ళకి ఇవ్వండి. లెడ్ యాసిడ్ అయితే మూతల సందుల్లోంచి బురద నీళ్ళు వెళ్ళకపోతే బతికే అవకాశం ఉంది, మెకానిక్ చూశాకే తగిలించండి. వరద కబురు రాగానే వైర్లు ఊడదీసి అటక మీద పెట్టడమే మంచి పని, 12 కిలోల లిథియంని ఒక్కరే ఎక్కిస్తారు, 55 కిలోల ట్యూబులర్‌కి ఇద్దరు మనుషులు కావాలి, లంకలో ఆ టైములో ఇద్దరు మనుషులు దొరకడం ఎంత కష్టమో అక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు.

మేడ మీద సోలార్ పెట్టించుకున్నాం, మరి కరెంటు పోతే అదీ ఆగిపోతుందేంటి?

పీఎం సూర్యఘర్ కింద మన దగ్గర పెట్టించుకునేవి ఎక్కువగా ఆన్‌గ్రిడ్, అంటే కరెంటు లైనుకి కలిపినవి, అందులో బ్యాటరీ ఉండదు. లైను పోతే స్తంభం మీద పని చేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా అది తనంతట తానే ఆగిపోవాలి, అది లోపం కాదు. తుఫానులో కూడా కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ ఉండాలి. రోజూ పగలు ఎక్కి రాత్రి దిగే పని కాబట్టి అక్కడ లిథియంకే ఓటు. చిన్నగా కావాలంటే 100 వాట్ల ప్యానెల్ ఎండ బావున్న రోజు 400 వాట్ అవర్ చుట్టుపక్కల ఇస్తది, రెండు లైట్లు, ఒక ఫ్యాను, ఫోన్లు నడిచిపోతాయి.

20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకుతో ఫోను నాలుగు సార్లు ఎక్కాలి కదా, మూడే ఎందుకు ఎక్కుతోంది?

ఆ 20000 లోపలున్న 3.7 వోల్టుల సెల్లు దగ్గర లెక్క, అంటే 74 వాట్ అవర్. ఫోనుకి 5 వోల్టులకి పెంచి పంపాలి, ఆ మార్పిడిలో కొంత, ఫోనులో కొంత పోద్ది. 5000 ఎంఏహెచ్ ఫోను మూడు సార్లు ఎక్కితే అది నిజాయితీ గల పవర్ బ్యాంకే. మధురపూడిలో, అంటే రాజమండ్రి ఎయిర్‌పోర్టులో, విమానం ఎక్కేవాళ్ళు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, 100 వాట్ అవర్ దాటితే ముందుగా ఎయిర్‌లైన్ అనుమతి కావాలి.

తక్కువ ధరకి లోకల్‌గా కట్టిన లిథియం ప్యాకు ఇస్తామంటున్నారు, తీసుకోనా?

నేనే ఒకసారి దెబ్బతిన్నానండి. మీద 100 ఏహెచ్ స్టిక్కరు ఉంది, లోపల ఎక్కడో వాడేసిన సెల్లులు, పరీక్ష పెడితే అరవై కూడా రాలేదు, అమ్మినాయన ఫోను ఎత్తలేదు. అప్పట్నుంచి నేను చేసేది ఇదే, ఫుల్ ఛార్జింగ్ చేసి 60 వాట్ల హెడ్‌లైటు బల్బు తగిలించి టైము రాసుకుంటాను. 12.8 వోల్టుల 100 ఏహెచ్ నిజమైతే ఇరవై గంటల పైన వెలగాలి. పన్నెండు గంటలకే ఆరిపోతే మీకు సమాధానం దొరికినట్టే. ఈ పరీక్షకి ఒప్పుకోని మనిషి దగ్గర కొనకండి.

పాత బ్యాటరీ ఏం చెయ్యాలి?

లెడ్ యాసిడ్ అయితే షాపులో ఇచ్చేసి కొత్తదాని ధరలో తగ్గించుకోండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం రెండు రకాలనీ వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారుచేసినవాళ్ళదే. లిథియంకి డబ్బులు పెద్దగా రాకపోవచ్చు, అయినా టెర్మినళ్ళకి టేపు చుట్టి అప్పగించండి, చెత్తబండిలో వెయ్యకండి, నలిగితే బండే అంటుకుంటది.

యాసిడ్ కాలవలో ఒంపకండి, ఆ నీళ్ళే కింద ఊళ్ళవాళ్ళు తాగుతారు. ఇంకోటి, వలలకి గుళ్ళు పోసుకోడానికి పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించడం నేను కళ్ళారా చూశాను, పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు. ఆ పొగ, ఆ మట్టి పిల్లల మెదడుకి చేసే చెరుపు తిరిగి బాగుపడేది కాదు. గుళ్ళు బజార్లో కొనండి, బ్యాటరీని పగలగొట్టకుండా షాపుకి ఇవ్వండి, ఇప్పటికే ఇంటి దగ్గర అలా కరిగించి ఉంటే ఆ చోట మట్టిలో పిల్లల్ని ఆడనివ్వకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి రక్తంలో సీసం పరీక్ష చేయించండి.